అరిసెల డబ్బా ఖాళీగా తిరిగొస్తే

ప్రశ్న: కోనసీమలో ఒక ఊళ్ళో టీచరుగా చేసి రిటైరయ్యాను. మావారు పోయాక, ఒక్కదానివీ అక్కడెందుకని అబ్బాయి హైదరాబాద్ తీసుకొచ్చేశాడు. నిజాంపేటలో అపార్ట్‌మెంటు, మా అంతస్తులోనే ఎనిమిది ఫ్లాట్లు. అబ్బాయి, కోడలు పొద్దున్న తొమ్మిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి గానీ రారు. మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని ఒక్కదాన్నే తింటాను. మొన్న సంక్రాంతికి అరిసెలు వండి మా అంతస్తులో అందరికీ డబ్బాల్లో పెట్టి ఇచ్చాను. తలుపు సగం తీసి, ‘థాంక్స్ ఆంటీ’ అని తీసుకున్నారు. రెండ్రోజుల తర్వాత డబ్బాలన్నీ కడిగి, ఖాళీగా, వాచ్‌మన్ చేత పంపించారు. ఒక్క డబ్బాలో చెంచాడు పంచదారైనా లేదు. మనసు చిన్నబోయింది. ‘ఎందుకత్తయ్యా వాళ్ళని మొహమాటపెట్టడం’ అంటుంది కోడలు. ఇక్కడి మనుషులే ఇంతా, లేక నేనే ఎక్కువ ఆశపడుతున్నానా? ఉగాదికి మళ్ళీ ఏమైనా పంపాలా, ఊరుకోవాలా?

సమాధానం:

టీచరు గారూ, ముందు ఆ డబ్బాల సంగతి తేల్చేద్దాం, ఉత్తరమంతా చదివితే మీకు గుచ్చుకున్నది అదేనని తెలిసిపోతోంది. మన ఇళ్ళల్లో ఇచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి పంపరు. ఏమీ లేకపోతే నాలుగు పటికబెల్లం ముక్కలో, పెరట్లో కోసిన రెండు వంకాయలో, అదీ లేకపోతే మీరన్నట్టు కాస్త పంచదారో వేసి పంపుతారు. మీరు ఆ లెక్కలో చూశారు. వాళ్ళ లెక్క వేరు. తీసుకున్న డబ్బా జిడ్డు లేకుండా తోమి, వాళ్ళ వస్తువు వాళ్ళకి చేర్చెయ్యాలి, మన దగ్గర ఉంచుకోకూడదు, వాళ్ళకి తెలిసిన మర్యాద ఇది. మిమ్మల్ని తక్కువ చెయ్యాలని అందులో ఏమీ లేదు. పైగా ఆ పక్కింటమ్మాయి ‘ఇందులో ఇప్పుడు ఏం పెట్టివ్వాలి, బజార్లో కొన్న స్వీటు పెడితే ఏమనుకుంటారో’ అని వంటింటి గట్టు మీద పెట్టుకుని రెండ్రోజులు చూసి, ఏమీ తోచక చివరికి వాచ్‌మన్ చేతికి ఇచ్చిందేమో కూడా. లేకపోతే కడిగిన డబ్బా నాలుగడుగుల దూరంలో ఉన్న మీ ఇల్లు చేరడానికి రెండ్రోజులెందుకు పడుతుంది చెప్పండి?

నాకనిపించేదేంటంటే, అసలు చిక్కు అరిసెలతోనే వచ్చింది. బియ్యం నానబోసి, తడిపిండి ఆరిపోకుండా పట్టించి, పాకం ముదరకుండా చూసుకుని, ఒకరు వేయిస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని నూనె వత్తితే గానీ తేలని వంట అది. మీరు ఒక్కరే చేశారు. తీసుకున్నవాళ్ళకి కూడా అది ఎంత పనో తెలుసు, వాళ్ళమ్మలు చెయ్యగా చూసినవాళ్ళే కదా. అంత పెద్దది చేతిలో పెట్టేసరికి ఆవిడకి సంతోషం కంటే టెన్షన్ ముందు వస్తుంది: ఇప్పుడు నేను తిరిగి ఏం చెయ్యాలి, నాకు ఆఫీసు, పిల్లాడి హోంవర్కు, నా వల్ల ఏమవుతుంది. ముక్కూమొహం సరిగ్గా తెలియనివాళ్ళ దగ్గర అంత బాకీ పడాలని ఎవరికీ ఉండదు. అదే రెండు మిరపకాయ బజ్జీలైతే నవ్వుతూ అక్కడే నిలబడి తినేసేవాళ్ళు.

అందుకని నా సలహా మీకు కొంచెం తలకిందులుగా అనిపించవచ్చు. కొన్నాళ్ళు పెట్టడం మానేసి, అడగడం మొదలుపెట్టండి. పెరుగు తోడుకి చెంచాడు మజ్జిగ, ఒక కరివేపాకు రెబ్బ, ఒక నిమ్మకాయ, ఇంతే. మీ ఇంట్లో లేదని కాదు, ఉన్నా సరే. అడిగినప్పుడు ఎదుటివాళ్ళు ఇవ్వగలిగిన మనుషులవుతారు, ఆ తర్వాత వాళ్ళు మీ దగ్గర ఏదైనా తీసుకోవడానికి మొహమాటపడరు. తలుపు సగం తీసి మాట్లాడే మనిషి కూడా తోడు అడిగితే ఫ్రిజ్ దాకా వెళ్ళి రావాలి, తలుపు తెరిచి పెట్టే వెళ్ళాలి, ఆ రెండు నిమిషాల్లో లోపలున్న పిల్లాడు మిమ్మల్ని చూస్తాడు, మీరు పేరడుగుతారు. ఒక్క జాగ్రత్త: దీపాలు పెట్టాక పెరుగు, ఉప్పు బయటికివ్వని ఇళ్ళు ఈ నగరంలో ఇంకా ఉన్నాయి, పగలే అడగండి. మర్నాడు ‘మీ తోడుతో పెరుగు గట్టిగా తోడుకుంది’ అని చెప్పడం మాత్రం మర్చిపోకండి, అసలు పనంతా ఆ మాటే చేస్తుంది.

మీది కోనసీమ కాబట్టి ఒక మాట అంటాను, తప్పుగా అనుకోకండి. మీ ప్రాంతంలో పెట్టడం అనగానే ఎవరికైనా డొక్కా సీతమ్మగారు గుర్తొస్తారు. లంకల గన్నవరంలో, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకి ఏ వేళప్పుడైనా వండి పెట్టిన తల్లి, 1909లో పోయారు, ఇవాళ్టికీ ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనం ఆవిడ పేరు మీదే నడుస్తోంది. ఆ అన్నం పెట్టడం ఎంత గొప్పదో చెప్పక్కర్లేదు. కానీ బాటసారికి పెట్టడం వేరు, ఇరుగుపొరుగుతో తినడం వేరు. బాటసారి తిని, దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు, తిరిగి ఇవ్వాల్సిన పని లేదు. పక్కింటివాళ్ళు రేపు పొద్దున్న లిఫ్టులో మళ్ళీ ఎదురుపడతారు. అక్కడ ఒకరే ఎప్పుడూ పెట్టేవారై, మిగతావాళ్ళంతా ఎప్పుడూ తీసుకునేవారైతే నాలుగు నెలల్లో మొహం చాటేస్తారు. మీకు కావలసింది మీ అరిసెలు తినే జనం కాదు కదా, మధ్యాహ్నం పూట పలకరించే మనిషి.

ఇక హైదరాబాద్ వాళ్ళే ఇంత అన్న మాటకి నేను ఒప్పుకోను. టీ కప్పు మీద తెలియని మనుషుల్ని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన ఊరు ఇది. నిజాం కాలంలో ఇరాన్ నుంచి బొంబాయి, పుణేల మీదుగా వచ్చినవాళ్ళు పెట్టిన హోటళ్ళు ఇప్పటికీ కొన్ని మిగిలున్నాయి, ఆబిడ్స్‌లో గ్రాండ్ హోటల్ 1935 నాటిది. డికాషన్ మూత పెట్టి సన్నసెగ మీద గంటల తరబడి మరిగిస్తారు, పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాస్తారు, రెండూ కప్పులోనే కలుస్తాయి. ఆ రుచి సంగతి అలా ఉంచండి. అక్కడ బల్ల మీకోసం ఖాళీ చేయించరు, ఎక్కడ కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చోవాలి, ఎదురుగా ఆటో నడిపే ఆయనుంటాడు, పక్కన కోర్టు నుంచి వచ్చిన వకీలుంటాడు. డబ్బులు తక్కువైతే ‘వన్ బై టూ’ అంటే ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసిస్తారు, అలా అడిగినందుకు ఎవరూ తక్కువగా చూడరు. ఒక కప్పు కొంటే గంటసేపు కూర్చోనిచ్చేవాళ్ళు, జనం అక్కడికి వెళ్ళింది సగం ఆ కుర్చీ కోసమే. ఇప్పుడొస్తున్న కొత్త టీ కొట్లలో చాలావాటికి కుర్చీలే లేవు, నిలబడి తాగి వెళ్ళడమే, అది నాకు నచ్చదు. (ఆ ఇరానీ హోటళ్ళలో ఆడవాళ్ళు పెద్దగా కూర్చున్నదీ లేదు, అది మగవాళ్ళ రచ్చబండ. మన అరుగులు, నూతి గట్లు వేరే ఉండేవి. అపార్ట్‌మెంటు కట్టినవాడు అరుగు మాత్రం కట్టలేదు.)

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఒక కుర్చీ వెతకడం. ఎవర్నీ ఇంటికి పిలవకండి, అప్పుడే వద్దు. ఇంటికి పిలిస్తే మీరు ఇల్లు సర్దాలి, వాళ్ళు చీర మార్చుకుని ఏదో ఒకటి పట్టుకుని రావాలి, అది మళ్ళీ అరిసెల కథే. మీ అపార్ట్‌మెంటు గేటు దగ్గరో, పిల్లలు ఆడుకునే చోటో ఒక సిమెంటు బెంచీ ఉండే ఉంటుంది. సాయంత్రం స్కూలు బస్సు వచ్చే వేళకి అక్కడ ఎవరుంటారో రెండు మూడు రోజులు గమనించండి. మనవల కోసం ఎదురుచూసే తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటారు. వాళ్ళూ మీలాగే నరసాపురం నుంచో, నల్గొండ నుంచో, ఏ రాయచూరు నుంచో ‘ఒక్కదానివీ ఎందుకు’ అని తీసుకొచ్చినవాళ్ళే. నిజాంపేటలో మీ గోదావరి జిల్లాల వాళ్ళకైతే కొదవే లేదు, మాట వింటే పోల్చుకుంటారు.

ఒక లీటరు ఫ్లాస్కులో అల్లం టీ పోసుకుని, రెండు మూడు స్టీలు గ్లాసులు పట్టుకుని అదే వేళకి వెళ్ళి అదే బెంచీ మీద కూర్చోండి. టీలో పంచదార వెయ్యకండి, చిన్న డబ్బాలో విడిగా తీసుకెళ్ళండి, ఆ బెంచీ మీద కూర్చునే వయసువాళ్ళలో చాలామందికి షుగరుంటుంది. లీటరంటే చిన్న గ్లాసులతో పది మందికి వస్తుంది, మొదటి వారం మీరూ ఇంకొకరే తాగినా పర్వాలేదు, మిగిలింది సెక్యూరిటీ అబ్బాయికి ఇవ్వొచ్చు. ‘రండి, టీ తాగండి’ అని బలవంతం చెయ్యకండి. ‘కొంచెం ఎక్కువ పెట్టాను, ఒక గ్లాసు పొయ్యనా’ అంటే చాలు, కాదన్నా ఇద్దరికీ ఇబ్బంది ఉండదు. ఇందులో కిటుకంతా రోజూ అదే వేళ, అదే చోటు ఉండటంలోనే ఉంది. సోమవారం వెళ్ళి, మళ్ళీ శుక్రవారం వెళ్తే ఏమీ జరగదు. మీరు అక్కడుంటారని నలుగురికీ తెలియాలి, అప్పుడు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. కొన్నాళ్ళకి ఎవరో ఒకరు ‘రేపు ఫ్లాస్కు నేను తెస్తానండీ’ అంటారు. అన్నప్పుడు ‘అయ్యో, మీకెందుకు శ్రమ’ అనకండి, దయచేసి. మన అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చేస్తుంది ఆ మాట. వెంటనే సరేననండి.

పిల్లలు చుట్టూ చేరతారు, బిస్కెట్లు అడుగుతారు. ఇచ్చేముందు వాళ్ళ ఇంట్లో ఒక మాట అడగండి, వేరుశనగ పడనివాళ్ళు, గోధుమ పడనివాళ్ళు ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. అడిగారని తల్లులు సంతోషిస్తారు కూడా.

ఒంటరిగా తినడం గురించి రాశారు. అది మీ ఒక్కరి ఇంటి గొడవ కాదు. అమెరికాలో లెక్కలు తీస్తే 2023లో ప్రతి నలుగురిలో ఒకరు ముందురోజు భోజనాలన్నీ ఒంటరిగానే చేశామని చెప్పారట. అక్కడి మన తెలుగువాళ్ళు దీనికి పాట్‌లక్ అలవాటు చేసుకున్నారు, ఒకరు పప్పు, ఒకరు పులిహోర, వంట రానివాళ్ళు పెరుగు డబ్బా, తలా ఒకటి రేకు ట్రేలలో పట్టుకుని ఒకరింట్లో చేరతారు. ఎవరి మీదా మొత్తం భారం పడదు. బెంచీ స్నేహం కుదిరాక మీరూ ఆ దారి పట్టొచ్చు, మధ్యాహ్నం ఇంట్లో ఒక్కరే ఉండే ముగ్గురు ఆడవాళ్ళు ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని ఒకరింటికి చేరి తింటే దానికి ప్రత్యేకంగా వంటే అక్కర్లేదు, ఎవరి కూర వాళ్ళదే, రుచి చూడమని ఎలాగూ గరిటెడు వడ్డించుకుంటారు.

ఇప్పుడు కాస్త చేదు విషయం. అన్నం, టీ మనుషుల్ని కలుపుతాయని అందరూ తేలిగ్గా అనేస్తారు. కలపగలవు, విడదీయనూ గలవు. మన పల్లెల్లో టీకొట్టులో దళితులకి వేరే గ్లాసు పెట్టిన రోజులు మీకు నేను చెప్పక్కర్లేదు, రెండు గ్లాసుల పద్ధతి పూర్తిగా పోయిందని ఇవాళ్టికీ గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పలేం. నగరానికొచ్చి మనం ఆ రెండో గ్లాసుని అపార్ట్‌మెంటు వంటింట్లో సింకు కింద పెట్టుకున్నాం, పనమ్మాయి కోసం. కార్తీక మాసంలో ఉసిరిచెట్టు కింద అందరూ కలిసి తినాల్సిన వనభోజనాలు చూడండి, ఇప్పుడు సగం కులసంఘాల బ్యానర్ల కిందే జరుగుతున్నాయి. మీ బెంచీ దగ్గర కూడా ఎవరో ఒకరు మొదటి వారంలోనే ‘మీరేమిట్లండీ’ అని చుట్టు తిప్పి ఆరా తీస్తారు. ‘టీచర్లమండీ’ అనండి, రెండోసారి అడగరు. సెక్యూరిటీ అబ్బాయికి, తుడిచే ఆవిడకి టీ ఇస్తే మీరు తాగే గ్లాసుల్లోదే ఇవ్వండి, బెంచీ మీద చోటుంటే కూర్చోమనండి. దానివల్ల ఒకరిద్దరు రావడం మానేస్తే మాననివ్వండి.

అయితే తిండి పట్టింపులన్నీ ఈ కోవలోవే అనుకోకండి. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్ళుంటారు, శనివారాలు ఒంటిపూట ఉండేవాళ్ళుంటారు, రంజాన్ నెలలో సూర్యాస్తమయం దాకా మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళుంటారు. మీ అపార్ట్‌మెంటులో ముస్లింలెవరైనా ఉంటే ఆ నెలలో మీ టీ వేళ వాళ్ళకి కుదరదు, సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి నాలుగు పండ్లు పంపితే చాలా బావుంటుంది. ‘మా ఇంట్లో తినరట’ అని ముందే కోపం తెచ్చుకోకుండా, ‘మీరేం తింటారు’ అని నేరుగా అడిగెయ్యండి, సగం అపార్థాలు అక్కడే తీరిపోతాయి.

ఉగాదికి పంపాలా అన్నారు. పంపండి, కాకపోతే డబ్బాలో వద్దు. పొద్దున్నే పచ్చడి చిన్న గ్లాసుల్లో పోసి పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళి, అక్కడే గుమ్మంలో నోట్లో పోసుకోమనండి. ఆరు రుచులకి ఆరు రకాలుగా మొహాలు పెడతారు, పిల్లలైతే ఇంకా. ఖాళీ గ్లాసు మీ పళ్ళెంలోనే పెట్టేస్తారు, తిరిగి ఇవ్వడానికేమీ ఉండదు.

మీ చేతి వంట గొప్పతనం చూపించుకోవడానికి అసలు అవకాశం మేలో ఉంది, ఆవకాయకి. అది మాత్రం ఒక్కరే పెట్టకండి. నలుగురూ కలిసి కాయలు తెప్పించండి, బజార్లోనే టెంకతో సహా కొట్టించి, ముక్కలు తుడవడానికి అందర్నీ కూర్చోబెట్టండి, మీ తలుపు సగం తీసే అమ్మాయిని కూడా. ముక్క తడిగుడ్డతో కాదు పొడిగుడ్డతో తుడవాలి, లోపలి పొర తియ్యాలి అని మీరు టీచరు గొంతుతో చెప్తుంటే వింటారు. తెలంగాణ ఆవిడ ఎవరైనా ఉంటే అల్లం వెల్లుల్లి ముద్ద పడాల్సిందే అంటుంది, మీరు ఆవపిండి ఘాటు చాలంటారు, కాసేపు తగువు పడండి, మంచిదే, పోనీ రెండు జాడీలు పెట్టుకోండి. అంతా అయ్యాక ఆవకాయ కలిపిన బేసిన్లో అంటుకున్న పిండి, నూనె ఉంటాయి చూడండి, అందులో పొగలొచ్చే అన్నం వేసి, నెయ్యి పోసి, చేత్తో కలిపి, చుట్టూ నిలబడ్డవాళ్ళ చేతుల్లో తలా ఒక ముద్ద పెడితే, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతూ, ముక్కు ఎగబీలుస్తూ, ఇంకో ముద్ద అని చెయ్యి చాపనివాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. ఆ బేసిన్ ముందు నిలబడి తిన్నవాళ్ళు తర్వాత మిమ్మల్ని ‘ఆంటీ’ అనే పిలుస్తారు గానీ అది వేరే ఆంటీ.

దసరాకి ముందు మీ పార్కింగ్‌లో బతుకమ్మ ఆడుతుంటే వెళ్ళండి, పాట రాకపోయినా చప్పట్లు వస్తాయి. ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మనాడు, నీళ్ళల్లో వదిలొచ్చాక అందరూ గుండ్రంగా కూర్చుని సత్తుపిండి, పెరుగన్నం పంచుకుంటారు. మీ పులిహోర అక్కడ చెల్లుబాటవుతుంది.

చివరగా మీ కోడలు. ఆ అమ్మాయి అన్నది మొహమాటం గురించే అయినా, ఆవిడ భయం ఇంకోటి అయ్యుండొచ్చు: అత్తయ్య స్నేహాలు పెరిగితే శనాదివారాలు తన నెత్తిన వంటలు, వచ్చేపోయేవాళ్ళు. న్యాయమైన భయమే. వారమంతా పని చేసి వచ్చే మనిషి. కాబట్టి ముందే చెప్పెయ్యండి, నీకు పని పెట్టను, నిన్నడగకుండా ఎవర్నీ ఇంటికి పిలవను అని. చెప్పాక ఆ మాట మీద ఉండండి. ఇంకో పని కూడా చెయ్యండి, ఆదివారం సాయంత్రం ఫ్లాస్కు మీ అబ్బాయి చేత నింపించండి. టీ పెట్టడం రాదంటాడేమో. అంతమంది పిల్లలకి ఎక్కాలు వచ్చేదాకా వదలని మీకు ఒక్క అబ్బాయికి టీ నేర్పడం ఎంతసేపు.